బూట్ క్రమం

బూట్ క్రమం అనగా కంప్యూటరుకు విద్యుత్తు అందిన తరువాత, ఆపరేటింగ్ సిస్టం కొరకు ఏ పరికరంలో ముందు, ఏ పరికరంలో తరువాత వెదకవలెనో నిర్ణయించే వరుస. హార్డు డిస్కు, సాలిడ్ స్టేట్ డ్రైవు, సీడీ లేదా డీవీడీ డ్రైవు, పెన్ డ్రైవు, నెట్‌వర్కు మొదలైనవి సాధారణంగా ఈ వరుసలో కనిపిస్తాయి. ఈ వరుస మదర్‌బోర్డు పైనున్న ఒక చిప్పులో భద్రపరచబడి ఉంటుంది. పాత కంప్యూటర్లలో బయోస్, కొత్త కంప్యూటర్లలో యూఈఎఫ్ఐ అనే మూల ప్రోగ్రాము ఈ వరుసను చదివి, దాని ప్రకారం పరికరాలను ఒకటొకటిగా పరీక్షిస్తుంది.

కొత్త ఆపరేటింగ్ సిస్టంను స్థాపించేటప్పుడు, మొరాయించిన కంప్యూటరు నుండి ఫైళ్ళను వెలికి తీసేటప్పుడు, ఒకే కంప్యూటరులో రెండు ఆపరేటింగ్ సిస్టంలను వాడేటప్పుడు ఈ క్రమాన్ని మార్చవలసి వస్తుంది. క్రమాన్ని మార్చినంత మాత్రాన డిస్కులోని సమాచారం ఏదీ చెరిగిపోదు. అయితే వరుసలో ముందు నిలిచిన పరికరంలోని ప్రోగ్రాముకు కంప్యూటరుపై పూర్తి అధికారం లభిస్తుంది. అందువలన చూడడానికి చిన్నదైన ఈ అమరిక సౌలభ్యానికే కాక, సమాచార భద్రతకు కూడా సంబంధించినది.

పేరు

'బూట్' అనే మాట 'బూట్‌స్ట్రాప్' అనే ఆంగ్ల పదానికి సంక్షిప్త రూపం. బూటును కాలికి తొడిగేటప్పుడు పట్టుకొని లాగడానికి దాని వెనుక భాగాన కుట్టిన పట్టీని బూట్‌స్ట్రాప్ అంటారు. ఎవరి బూటు పట్టీని వారే పట్టుకొని తమను తాము పైకి లేపుకొనడం అసాధ్యమైన పని. కంప్యూటరు మొదలు కావడంలో కూడా ఇటువంటి చిక్కే ఉన్నది. డిస్కులోని ప్రోగ్రామును మెమరీలోకి తేవాలంటే దానిని తెచ్చే మరొక ప్రోగ్రాము ముందే మెమరీలో ఉండాలి. కాని విద్యుత్తు లేనప్పుడు ర్యామ్ మెమరీ ఖాళీగా ఉంటుంది. ఈ చిక్కును విడదీయడానికే, విద్యుత్తు పోయినా చెరిగిపోని చిప్పులో ఒక చిన్న ప్రోగ్రామును శాశ్వతంగా ఉంచుతారు. అది తనకంటె పెద్దదైన ప్రోగ్రామును పిలుస్తుంది, ఆ ప్రోగ్రాము ఇంకా పెద్దదానిని పిలుస్తుంది. ఈ గొలుసు చివర విండోస్, లినక్సు వంటి ఆపరేటింగ్ సిస్టం నడవడం మొదలవుతుంది.

పనిచేసే విధానం

కంప్యూటరును ఆన్ చేయగానే ప్రాసెసరు మొట్టమొదట మదర్‌బోర్డు చిప్పులోని ప్రోగ్రామును అమలు పరుస్తుంది. ఆ ప్రోగ్రాము మెమరీ, కీబోర్డు, డిస్కులు మొదలైనవి సరిగా ఉన్నవో లేవో పరీక్షిస్తుంది. పరీక్ష ముగిసిన తరువాత బూట్ క్రమాన్ని చదువుతుంది. ఇక్కడి నుండి బయోస్, యూఈఎఫ్ఐల దారులు వేరవుతాయి.

బయోస్ పద్ధతి

బయోస్ వరుసలోని మొదటి డిస్కును తీసుకొని, దాని మొట్టమొదటి సెక్టారును, అనగా 512 బైట్లను, మెమరీలోకి చదువుతుంది. ఆ సెక్టారులోని చివరి రెండు బైట్లలో షోడశాంశ పద్ధతిలో 55, ఏఏ అనే గుర్తు ఉన్నదో లేదో చూస్తుంది. గుర్తు ఉంటే ఆ సెక్టారులోని ప్రోగ్రాముకు అధికారాన్ని అప్పగిస్తుంది. గుర్తు లేకపోయినా, డ్రైవులో డిస్కే లేకపోయినా వరుసలోని తరువాతి పరికరానికి వెళుతుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. బయోస్ చూసేది గుర్తును మాత్రమే, ప్రోగ్రాము మంచి చెడ్డలను కాదు. గుర్తు ఉండి, లోపలి ప్రోగ్రాము పనికిరానిదైతే కంప్యూటరు సాధారణంగా అక్కడే ఆగిపోతుంది, తరువాతి పరికరానికి తనంత తానుగా వెళ్ళదు. పాటలు, ఫోటోలు మాత్రమే ఉన్న పెన్ డ్రైవును తీయడం మరచిపోయినప్పుడు కొన్ని కంప్యూటర్లు నల్లని తెరతో నిలిచిపోవడానికి కారణం ఇదే.

యూఈఎఫ్ఐ పద్ధతి

యూఈఎఫ్ఐ డిస్కులోని మొదటి సెక్టారుపై ఆధారపడదు. డిస్కులో ఫ్యాట్ పద్ధతిలో సిద్ధం చేసిన ఒక చిన్న విభాగాన్ని తెరచి, అందులోని బూట్ ప్రోగ్రామును మామూలు ఫైలు వలె చదువుతుంది. అందువలన ఈ పద్ధతిలో వరుసలో ఉండేది కేవలం పరికరం పేరు కాదు, ఫలానా పరికరంలోని ఫలానా ప్రోగ్రాము. ఒకే డిస్కులో విండోస్, ఉబుంటు రెండూ ఉన్న కంప్యూటరులో 'విండోస్ బూట్ మేనేజర్', 'ఉబుంటు' అనే రెండు పేర్లు విడివిడిగా కనిపించడానికి కారణం ఇదే. వీటిలో ఏది పైన ఉంటే ఆ ప్రోగ్రాము ముందు నడుస్తుంది. పెన్ డ్రైవు వంటి తీసివేయదగిన పరికరాలలో మాత్రం ముందుగా నిర్ణయించిన ఫోల్డరులో, ముందుగా నిర్ణయించిన పేరుతో ఉన్న ఫైలు కొరకు యూఈఎఫ్ఐ వెదుకుతుంది.

చరిత్ర

బయోస్ అనే పేరును గ్యారీ కిల్‌డాల్ తన సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టంలో 1970ల మధ్యకాలంలో వాడాడు. 1981 ఆగస్టు 12న ఐబీఎం సంస్థ విడుదల చేసిన తొలి పర్సనల్ కంప్యూటరులో బూట్ క్రమాన్ని మార్చే మెనూ లేదు. అది ముందు ఫ్లాపీ డ్రైవును చూసేది. ఫ్లాపీ లేకపోతే చిప్పులోనే పొందుపరచిన బేసిక్ భాషను తెరపైకి తెచ్చేది. 1983లో వచ్చిన ఎక్స్‌టీ నమూనాలో 10 మెగాబైట్ల హార్డు డిస్కు చేరడంతో ముందు ఫ్లాపీ, తరువాత హార్డు డిస్కు అనే వరుస ఏర్పడింది. 1984 నాటి ఏటీ నమూనాలో అమరికలను బ్యాటరీ సహాయంతో నిలుపుకొనే సీమాస్ మెమరీ వచ్చింది. అయితే ఆ అమరికలను మార్చే ప్రోగ్రాము ఒక ప్రత్యేక ఫ్లాపీలో ఉండేది. తరువాతి సంవత్సరాలలో అవార్డ్, ఏఎంఐ, ఫీనిక్స్ వంటి సంస్థల బయోస్‌లు అమరికల మెనూను చిప్పులోనే చేర్చడంతో, కంప్యూటరు మొదలయ్యే వేళ ఒక మీటను నొక్కి క్రమాన్ని మార్చుకొనే వీలు కలిగింది.

ఫ్లాపీని ముందు చూసే అలవాటు వైరస్‌లకు దారి ఇచ్చింది. 1986లో పాకిస్తాను లోని లాహోరు నుండి వెలువడిన 'బ్రెయిన్' వైరస్ ఫ్లాపీల బూట్ సెక్టారులో నివసించేది. 1987 నాటి 'స్టోన్డ్' వైరస్ హార్డు డిస్కు మొదటి సెక్టారును కూడా పట్టుకొనేది. 1991లో బయటపడిన 'మైకెలాంజిలో' వైరస్ మార్చి 6వ తేదీన కంప్యూటరును ఆన్ చేస్తే డిస్కులోని ముఖ్య భాగాలను చెరిపివేసేది. మామూలు ఫైళ్ళున్న ఫ్లాపీని డ్రైవులో మరచిపోతే తెరపై ఇది సిస్టం డిస్కు కాదు అనే సందేశం కనిపించేది. నిజానికి ఆ సందేశాన్ని చూపేది ఫ్లాపీ బూట్ సెక్టారులోని ప్రోగ్రామే. ఫ్లాపీకి వైరస్ సోకి ఉంటే, సందేశం కనిపించేసరికే వైరస్ తన పని ముగించి ఉండేది. అందుచేత బూట్ క్రమాన్ని 'ఏ, సీ' నుండి 'సీ, ఏ'కు మార్చి, హార్డు డిస్కును ముందు ఉంచుకొమ్మని ఆ కాలంలో సలహా ఇచ్చేవారు. ఏ పరికరాన్నీ కొనకుండా, ఒక్క అమరికతో ఆ వైరస్‌లు ప్రవేశించే ప్రధాన ద్వారం మూసుకొనేది.

1995లో 'ఎల్ టొరిటో' అనే ప్రమాణం వచ్చిన తరువాత సీడీ నుండి కంప్యూటరును మొదలు పెట్టడం సాధ్యమయింది. 1996లో కంపాక్, ఫీనిక్స్, ఇంటెల్ సంస్థలు కలిసి వెలువరించిన బయోస్ బూట్ ప్రమాణం, పరికరాలను గుర్తించి వరుసలో పెట్టే పద్ధతిని క్రమబద్ధం చేసింది. 2000లో క్లాస్ నాపర్ విడుదల చేసిన నాపిక్స్ వంటి లైవ్ సీడీలు, హార్డు డిస్కును ముట్టకుండానే సీడీ నుండి పూర్తి లినక్సును నడిపి చూపాయి. భారతదేశంలో సీడాక్ సంస్థ 2007లో బాస్ లినక్సును విడుదల చేసింది. ఇటువంటి వాటిని స్థాపించడానికి సీడీని బూట్ క్రమంలో ముందుకు తేవడం మొదటి మెట్టుగా ఉండేది.

ఇంటెల్ సంస్థ తన ఐటానియం ప్రాసెసర్ల కొరకు రూపొందించిన ఈఎఫ్ఐ, 2005లో ఏర్పడిన యూఈఎఫ్ఐ ఫోరం చేతికి వచ్చి యూఈఎఫ్ఐగా మారింది. 2012లో విండోస్ 8 విడుదలతో సెక్యూర్ బూట్ అనే రక్షణ ఏర్పాటు గల కంప్యూటర్లు విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. 2021లో విడుదలైన విండోస్ 11కు యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్‌కు అనువైన మదర్‌బోర్డు, టీపీఎం 2.0 అవసరమని మైక్రోసాఫ్ట్ నిర్ణయించింది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు అర్హత లేని పాత కంప్యూటర్లలో లినక్సును స్థాపించదలచిన వారికి బూట్ క్రమం మార్చడం తెలిసి ఉండడం అవసరం.

అమరికల మెనూలోకి ప్రవేశించడం

బూట్ క్రమం ఆపరేటింగ్ సిస్టం మొదలు కాకముందే పనిచేస్తుంది కనుక, దానిని మార్చే మెనూ కూడా అంతకు ముందే తెరవవలసి ఉంటుంది. కంప్యూటరును ఆన్ చేసిన వెంటనే, తయారీదారు చిహ్నం తెరపై కనిపించే లోపుననే, నిర్ణీతమైన మీటను వెంట వెంటనే నొక్కాలి. ఆ మీట తయారీదారును బట్టి మారుతుంది. సాధారణంగా డెస్క్‌టాప్ కంప్యూటర్లలో వాడే మీటలు ఇవి. వీటిలో మొదటిది అమరికల మెనూకు, రెండవది ఒక్కసారికి మాత్రమే పనిచేసే బూట్ మెనూకు సంబంధించినది.

* డెల్: ఎఫ్2, ఎఫ్12
* హెచ్‌పీ: ఎఫ్10, ఎఫ్9
* లెనోవో థింక్‌సెంటర్: ఎఫ్1, ఎఫ్12
* ఏసర్: డిలీట్ లేదా ఎఫ్2, ఎఫ్12
* అసుస్ మదర్‌బోర్డులు: డిలీట్ లేదా ఎఫ్2, ఎఫ్8
* గిగాబైట్ మదర్‌బోర్డులు: డిలీట్, ఎఫ్12
* ఎంఎస్ఐ మదర్‌బోర్డులు: డిలీట్, ఎఫ్11
* ఏఎస్‌రాక్ మదర్‌బోర్డులు: ఎఫ్2 లేదా డిలీట్; ఎఫ్11

నమూనాను బట్టి ఇవి మారవచ్చు. చాలా కంప్యూటర్లలో ఆన్ చేసినప్పుడు తెర అడుగు భాగాన సరైన మీట పేరు కొద్ది క్షణాలు కనిపిస్తుంది.

విండోస్ 8 మొదలుకొని వచ్చిన విండోస్‌లలో 'ఫాస్ట్ స్టార్టప్' అనే ఏర్పాటు ఉన్నది. ఇది పనిచేస్తున్నప్పుడు 'షట్ డౌన్' చేసినా విండోస్ పూర్తిగా ముగియదు, కొంత భాగం డిస్కులో నిద్రావస్థలో ఉంటుంది. 'రీస్టార్ట్' చేసినప్పుడు మాత్రమే అది మొదటి నుండి మొదలవుతుంది. అదే విధంగా మదర్‌బోర్డులోని 'ఫాస్ట్ బూట్' వలన మీట నొక్కడానికి వ్యవధి చాలక పోవచ్చు. అటువంటప్పుడు షిఫ్ట్ మీటను పట్టుకొని 'రీస్టార్ట్'ను ఎంచుకోవాలి. తరువాత వచ్చే నీలి తెరలో 'ట్రబుల్‌షూట్', 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్', 'యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్' అనే వాటిని వరుసగా ఎంచుకుంటే కంప్యూటరు నేరుగా అమరికల మెనూలో తెరుచుకుంటుంది. బయోస్ పద్ధతిలో విండోస్ స్థాపించిన కంప్యూటర్లలో ఈ చివరి ఎంపిక కనిపించదు.

క్రమాన్ని మార్చే విధానం

అమరికల మెనూ రూపం ఒక్కొక్క కంప్యూటరులో ఒక్కొక్క విధంగా ఉన్నప్పటికీ, చేయవలసిన పని ఒక్కటే. ఏ మార్పు చేయడానికైనా ముందు ప్రస్తుతం ఉన్న వరుసను కాగితంపై వ్రాసుకోవడం, లేదా ఫోనుతో తెరను ఫోటో తీసుకోవడం మంచిది.

అవార్డ్ బయోస్

పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లలో విరివిగా కనిపించే ఈ మెనూ నీలి తెరపై రెండు నిలువు వరుసలుగా ఉంటుంది.

1. బాణం మీటలతో 'అడ్వాన్స్‌డ్ బయోస్ ఫీచర్స్' వద్దకు వెళ్ళి ఎంటర్ నొక్కాలి.
2. అక్కడ 'ఫస్ట్ బూట్ డివైస్', 'సెకండ్ బూట్ డివైస్', 'థర్డ్ బూట్ డివైస్' అనే మూడు స్థానాలు ఉంటాయి.
3. మొదటి స్థానం వద్ద పేజ్ అప్, పేజ్ డౌన్ మీటలతో గాని, ఎంటర్ నొక్కి వచ్చిన జాబితాలో గాని కావలసిన పరికరాన్ని ఎంచుకోవాలి.
4. రెండవ స్థానంలో హార్డు డిస్కును ఉంచాలి.
5. ఎఫ్10 నొక్కి, అడిగినప్పుడు వై అక్షరం మీటను నొక్కి, ఎంటర్ నొక్కాలి. మార్పులు భద్రమై కంప్యూటరు మరల మొదలవుతుంది.

ఏఎంఐ, ఫీనిక్స్ బయోస్‌లు

వీటిలో తెర పై భాగాన 'మెయిన్', 'అడ్వాన్స్‌డ్', 'బూట్', 'ఎగ్జిట్' వంటి శీర్షికలు అడ్డంగా ఉంటాయి. కుడి బాణం మీటతో 'బూట్' శీర్షికకు వెళ్ళి, కావలసిన పరికరాన్ని కూడిక, తీసివేత గుర్తుల మీటలతో పైకి గాని క్రిందికి గాని జరపాలి. కొన్నింటిలో వరుసలోని స్థానం మీద ఎంటర్ నొక్కి పరికరాన్ని ఎంచుకోవలసి ఉంటుంది. ఏ మీట ఏ పని చేస్తుందో తెర కుడివైపున గాని, అడుగున గాని వ్రాసి ఉంటుంది. ఎఫ్10తో మార్పులను భద్రపరచాలి.

పలు బయోస్‌లలో 'హార్డ్ డిస్క్ డ్రైవ్స్' లేదా 'హార్డ్ డిస్క్ బూట్ ప్రయారిటీ' అనే మరొక జాబితా విడిగా ఉంటుంది. ఇవి పెన్ డ్రైవును కూడా ఒక హార్డు డిస్కుగానే లెక్కిస్తాయి. ప్రధాన వరుసలో పెన్ డ్రైవు పేరు కనిపించనప్పుడు ఈ రెండవ జాబితాలో దానిని పైకి తేవాలి. కంప్యూటరును ఆన్ చేయడానికి ముందే పెన్ డ్రైవును పెట్టి ఉంచితేనే దాని పేరు జాబితాలో చేరుతుంది.

యూఈఎఫ్ఐ మెనూలు

కొత్త మదర్‌బోర్డులలో మౌసుతో కూడా పనిచేయవచ్చు. 'బూట్ ప్రయారిటీ' అనే చోట పేర్లను మౌసుతో పట్టి పైకి, క్రిందికి లాగే వీలు పలు మెనూలలో ఉన్నది. ఒకే పెన్ డ్రైవు రెండు సార్లు కనిపించవచ్చు. వాటిలో 'యూఈఎఫ్ఐ' అనే మాటతో మొదలయ్యేది యూఈఎఫ్ఐ పద్ధతికి, ఆ మాట లేనిది పాత బయోస్ పద్ధతికి చెందినవి. కంప్యూటరులో ఇంతకు ముందే ఉన్న ఆపరేటింగ్ సిస్టం ఏ పద్ధతిలో ఉన్నదో, కొత్తదానిని కూడా ఆ పద్ధతిలోనే మొదలుపెట్టాలి.

ఒక్కసారికి మాత్రమే బూట్ పరికరాన్ని ఎంచుకోవడం

శాశ్వత క్రమాన్ని మార్చకుండా, ఈ ఒక్కసారికి మాత్రం వేరొక పరికరం నుండి మొదలు పెట్టే మార్గం కూడా ఉన్నది. పైన పేర్కొన్న రెండవ మీటను నొక్కితే పరికరాల జాబితా తెరపైకి వస్తుంది. అందులో ఒకదానిని ఎంచుకొని ఎంటర్ నొక్కితే సరిపోతుంది. మరుసటి సారి కంప్యూటరు యథాప్రకారం పాత క్రమంలోనే మొదలవుతుంది. ఆపరేటింగ్ సిస్టంను ఒకసారి స్థాపించడానికి, ఫైళ్ళను వెలికి తీయడానికి ఈ పద్ధతే శ్రేష్ఠం. తిరిగి మార్చడం మరచిపోయే ప్రమాదం ఇందులో లేదు.

ఉదాహరణ: పెన్ డ్రైవు నుండి లినక్సు

విండోస్ మొదలు కాని కంప్యూటరులో ముఖ్యమైన ఫైళ్ళు చిక్కుకొని ఉన్నాయనుకుందాం. హార్డు డిస్కు పాడు కాకుండా విండోస్ మాత్రమే చెడి ఉంటే, ఈ ఫైళ్ళను కాపాడుకోవచ్చు.

1. మరొక కంప్యూటరులో ఉబుంటు వంటి లినక్సు యొక్క ఐఎస్ఓ ఫైలును దిగుమతి చేసుకోవాలి. ఈ ఫైలును పెన్ డ్రైవులోకి మామూలుగా కాపీ చేస్తే సరిపోదు. రూఫస్ వంటి ఉపకరణంతో వ్రాయాలి. అలా వ్రాసినప్పుడు పెన్ డ్రైవులో అంతకు ముందున్నదంతా చెరిగిపోతుంది.
2. పెన్ డ్రైవును చెడిన కంప్యూటరుకు పెట్టి, ఆన్ చేసి, బూట్ మెనూ మీటను నొక్కి, పెన్ డ్రైవును ఎంచుకోవాలి.
3. లినక్సు తెరపై స్థాపించకుండా వాడి చూసే ఎంపికను తీసుకోవాలి. దీనిలో లినక్సు ర్యామ్‌లోనే నడుస్తుంది.
4. ఫైళ్ళ విండోలో కనిపించే హార్డు డిస్కును తెరచి, కావలసిన ఫైళ్ళను వేరొక పెన్ డ్రైవుకు గాని, బయటి హార్డు డిస్కుకు గాని కాపీ చేసుకోవాలి.
5. కంప్యూటరును ఆపి, పెన్ డ్రైవును తీసివేయాలి.

ఈ మొత్తం ప్రక్రియలో హార్డు డిస్కులో ఏదీ మారదు. సమాచారం పోయే ప్రమాదం ఉన్నది స్థాపన ప్రోగ్రాములోని డిస్కు విభజన ఘట్టంలో. 'మొత్తం డిస్కును చెరిపి స్థాపించు' అనే అర్థం వచ్చే ఎంపికను ఒప్పుకుంటే పాత ఫైళ్ళు పోతాయి. బూట్ క్రమం మార్చినందువలన ఫైళ్ళు పోయాయని చెప్పుకొనే సందర్భాలలో సాధారణంగా జరిగేది ఇదే.

జాగ్రత్తలు

* విండోస్‌లో బిట్‌లాకర్ లేదా పరికర ఎన్‌క్రిప్షను పనిచేస్తూ ఉంటే, బూట్ క్రమం మార్చిన తరువాత 48 అంకెల పునరుద్ధరణ కీ అడగవచ్చు. అది లేకపోతే సొంత డిస్కే తెరుచుకోదు, లినక్సు నుండి కూడా ఫైళ్ళను చదవలేము. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 లో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా స్థాపించిన పలు కంప్యూటర్లలో ఈ ఎన్‌క్రిప్షను దానంతట అదే మొదలవుతుంది. కనుక వాడుకరికి తెలియకుండానే అది ఉండవచ్చు. మెనూలో మార్పులు చేయడానికి ముందే మైక్రోసాఫ్ట్ ఖాతా నుండి ఈ కీని వ్రాసి పెట్టుకోవాలి.
* అదే మెనూలో ఉండే డిస్కు పద్ధతిని, అనగా ఏహెచ్‌సీఐ, ఐడీఈ, రెయిడ్ అనే అమరికను మార్చరాదు. మారిస్తే విండోస్ నీలి తెరతో ఆగిపోవచ్చు.
* యూఈఎఫ్ఐ పద్ధతిలో స్థాపించిన విండోస్ ఉన్నప్పుడు 'లెగసీ' పద్ధతికి మారిస్తే విండోస్ మొదలు కాదు. తిరిగి పాత పద్ధతికి తెస్తే మరల మొదలవుతుంది.
* ఉబుంటు, ఫెడోరా, డెబియన్ వంటి లినక్సులు సెక్యూర్ బూట్ పనిచేస్తూ ఉండగానే మొదలవుతాయి. వాటి కొరకు ఆ రక్షణను తీసివేయవలసిన అవసరం సాధారణంగా రాదు.
* పొరపాటున ఏదైనా మార్చినట్లు అనుమానం కలిగితే, ఎస్కేప్ మీట నొక్కి మార్పులను భద్రపరచకుండా బయటకు రావచ్చు.

సాధారణ సమస్యలు

విండోస్ స్థాపన పదే పదే మొదటికి రావడం: డీవీడీ లేదా పెన్ డ్రైవు శాశ్వత క్రమంలో ముందు ఉండిపోతే, మధ్యలో కంప్యూటరు రీస్టార్ట్ అయినప్పుడు స్థాపన మరల మొదటి నుండి ప్రారంభం కావచ్చు. డీవీడీ నుండి మొదలు పెట్టడానికి ఏదైనా మీట నొక్కమని రెండవసారి అడిగినప్పుడు ఏదీ నొక్కకుండా ఉండాలి, లేదా హార్డు డిస్కును ముందుకు తేవాలి.

బూట్ పరికరం లేదనే సందేశం: అవార్డ్ బయోస్‌లో 'డిస్క్ బూట్ ఫెయిల్యూర్', ఏఎంఐలో 'రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్' అని కనిపిస్తుంది. ముందుగా పెన్ డ్రైవులు, డీవీడీలు తీసివేసి చూడాలి. తరువాత మెనూలో హార్డు డిస్కు పేరు ఉన్నదో లేదో చూడాలి. పేరు ఉంటే క్రమాన్ని సరిచేస్తే చాలవచ్చు. పేరే లేకపోతే లోపం క్రమంలో కాక తీగలో గాని, డిస్కులో గాని ఉంటుంది.

అమరికలు నిలువకపోవడం: పాత కంప్యూటరులో మార్చిన క్రమం, గడియారం సమయం ప్రతిసారీ పోతూ ఉంటే మదర్‌బోర్డు పైనున్న నాణెం ఆకారపు బ్యాటరీ అయిపోయిందని గ్రహించాలి. సాధారణంగా ఇది సీఆర్2032 అనే 3 వోల్టుల బ్యాటరీ. కంప్యూటరు విద్యుత్తును పూర్తిగా తొలగించి దీనిని మార్చవచ్చు.

రెండు ఆపరేటింగ్ సిస్టంలలో ఒకటి మాయం కావడం: విండోస్ నవీకరణ తరువాత కొన్నిసార్లు లినక్సు ఎంపిక కనిపించదు. లినక్సు పోయిందని భావించి దానిని మరల స్థాపించడానికి ముందు యూఈఎఫ్ఐ వరుసను చూడాలి. 'విండోస్ బూట్ మేనేజర్' పైకి వచ్చి ఉంటే, లినక్సు పేరును దానికంటె పైకి జరిపితే సరిపోతుంది.

భద్రత

ఆపరేటింగ్ సిస్టంకు పెట్టుకొన్న పాస్‌వర్డు ఆ ఆపరేటింగ్ సిస్టం నడుస్తున్నప్పుడు మాత్రమే కాపలా కాస్తుంది. వేరొక పరికరం నుండి వేరొక ఆపరేటింగ్ సిస్టం మొదలైతే ఆ పాస్‌వర్డుకు విలువ లేదు. యజమాని తన ఫైళ్ళను కాపాడుకొనడానికి ఏ మార్గం ఉపయోగపడుతుందో, కంప్యూటరు వద్దకు చేరగలిగిన అపరిచితునికి కూడా అదే మార్గం ఉపయోగపడుతుంది. కళాశాలల ప్రయోగశాలలు, కార్యాలయాలు, నెట్ కేంద్రాల వంటి పదిమంది వాడే చోట్ల ఈ క్రింది ఏర్పాట్లు అవసరం.

* హార్డు డిస్కును మొదటి స్థానంలో ఉంచి, పెన్ డ్రైవు, డీవీడీ, నెట్‌వర్కులను వరుస నుండి తొలగించడం.
* ఒక్కసారి బూట్ మెనూను నిలిపివేయడం.
* అమరికల మెనూకు పాస్‌వర్డు పెట్టడం.
* సెక్యూర్ బూట్‌ను పనిచేయనివ్వడం.

ఇవన్నీ చేసినా డిస్కును ఊడదీసి వేరొక కంప్యూటరుకు తగిలిస్తే చదవవచ్చు. దీనికి అడ్డుకట్ట డిస్కు ఎన్‌క్రిప్షను మాత్రమే. సెక్యూర్ బూట్ కూడా తిరుగులేని కవచం కాదు. పాత విండోస్ బూట్ ప్రోగ్రాములోని లోపాన్ని వాడుకొని సెక్యూర్ బూట్‌ను దాటగలిగే 'బ్లాక్‌లోటస్' అనే హానికర ప్రోగ్రాము గురించి 2023లో పరిశోధకులు వెల్లడించారు. కనుక నవీకరణలను ఎప్పటికప్పుడు స్వీకరించడం కూడా అవసరమే.

నెట్‌వర్కు నుండి బూట్

బూట్ క్రమంలో కనిపించే 'ల్యాన్', 'నెట్‌వర్క్', 'పీఎక్స్ఈ' అనే పేర్లు నెట్‌వర్కు నుండి మొదలయ్యే పద్ధతిని సూచిస్తాయి. ఇంటెల్ సంస్థ 1990ల చివరలో రూపొందించిన పీఎక్స్ఈ పద్ధతిలో కంప్యూటరు ముందు డీహెచ్‌సీపీ ద్వారా తన చిరునామాను పొంది, తరువాత సర్వరు నుండి బూట్ ప్రోగ్రామును తెచ్చుకుంటుంది. పదుల కొద్దీ కంప్యూటర్లున్న ప్రయోగశాలలో ఒక్కొక్కదానికి డీవీడీ పెట్టకుండా అన్నింటిలో ఒకేసారి ఆపరేటింగ్ సిస్టంను స్థాపించడానికి ఇది ఉపయోగపడుతుంది. ఇంటి కంప్యూటరులో ఇది మొదటి స్థానంలో ఉంటే, లేని సర్వరు కొరకు ఎదురు చూడడం వలన ఆన్ కావడానికి ఆలస్యం అవుతుంది. అటువంటప్పుడు దానిని చివరి స్థానానికి పంపడం మంచిది.

ఇవి కూడా చూడండి

* బయోస్
* మదర్‌బోర్డు
* ఆపరేటింగ్ సిస్టం
* లినక్సు
* కంప్యూటరు వైరస్
* హార్డు డిస్కు